తరగతి గదిలో తెర: ఏ పాఠానికి, ఎప్పుడు, ఎంతసేపు

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు ట్యాబులు అందాయి. మరుసటి సంవత్సరం, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడత పనులు పూర్తయిన ఉన్నత పాఠశాలల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), ప్రాథమిక పాఠశాలల్లో స్మార్ట్ టీవీలు గోడలకెక్కాయి. తెలంగాణలో ప్రభుత్వ టి-శాట్ విద్య టీవీ ఛానల్ పాఠాలు ఏళ్లుగా ప్రసారమవుతున్నాయి. అయితే పరికరం గదిలోకి వచ్చినంత మాత్రాన చదువు మెరుగుపడదు. పెరూ దేశంలో గ్రామీణ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచిపెట్టిన తరువాత పరిశీలిస్తే, గణితంలో గానీ భాషలో గానీ వారి ఫలితాలు పెరిగినట్లు పరిశోధకులకు ఆధారం దొరకలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో బడి వేళల తరువాత నడిచిన కేంద్రాలపై ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహపరిశోధకులు చేసిన అధ్యయనంలో మాత్రం పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు. అక్కడి ఏర్పాటులో ప్రతి విద్యార్థికీ తరగతిని బట్టి కాక, అప్పటికి తనకు ఎంతవరకు వచ్చునో దాన్ని బట్టి ప్రశ్నలు ఎదురయ్యేవి. కాబట్టి ఉపాధ్యాయుడు మొదలుపెట్టవలసింది యంత్రం దగ్గర కాదు, పిల్లవాడు ఆగిపోయిన చోట.

ముందుగా చేయవలసిన పని

సెలవుల చివరి రోజుల్లో పాఠ్యపుస్తకాన్ని, ఒక పెన్సిల్‌ను ముందు పెట్టుకొని కూర్చోవాలి. నల్లబల్ల మీద ఎంత బాగా గీసినా పిల్లలకు అందని చోట్లు ప్రతి పుస్తకంలోనూ కొన్ని ఉంటాయి. కదిలేవి, కంటికి కనిపించనంత చిన్నవి, ఒకేచోట నిలబడి చూడలేనంత పెద్దవి, చేసి చూపితే ప్రమాదం కలిగించేవి, పదేపదే మార్చి చూస్తే తప్ప అర్థం కానివి ఈ కోవకు చెందుతాయి. అలాంటి చోట్ల పక్కన గుర్తు పెట్టుకోవాలి. ఒక పుస్తకంలో పది పన్నెండు గుర్తుల కంటే ఎక్కువ పడితే మళ్లీ వడపోయడం మంచిదని నా అభిప్రాయం. పెసలను తడిగుడ్డలో కట్టి మొలకెత్తించి పిల్లల చేతికే ఇవ్వగలిగిన చోట వీడియో అవసరం లేదు. బడి ఆవరణలోని వేప, రావి, జామ ఆకులతో ఈనెల వ్యాపనం (ఆకులో ఈనెలు పరుచుకున్న తీరు) నేర్పగలిగిన చోట తెర మీది బొమ్మ పాఠాన్ని పలచన చేస్తుంది.

గుర్తు పెట్టిన ప్రతి చోటుకూ ఒక ప్రశ్నను ముందే రాసుకోవాలి. తెర వెలిగే ముందు పిల్లలు ఆ ప్రశ్నకు తమ జవాబును నోటుపుస్తకంలో రాయాలి. ఈ ఒక్క అలవాటు లేకపోతే తరగతి గది సినిమా హాలుగా మారిపోతుంది: పిల్లలు ఆసక్తిగానే చూస్తారు, కానీ చూసిన దానితో తమ ఆలోచనను సరిపోల్చుకోరు.

ఒక పాఠం మొదటి నుంచి చివరి వరకు

పదో తరగతి విద్యుత్తు పాఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రెండు బల్బులను శ్రేణిలో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా కలిపితే మొదటి బల్బు కొంత కరెంటును వాడేసుకుంటుందని, మిగిలినది మాత్రమే రెండో బల్బుకు చేరుతుందని చాలామంది పిల్లలు నమ్ముతారు. సూత్రం బట్టీ పట్టి లెక్కలు సరిగా చేసే పిల్లల్లో కూడా ఈ నమ్మకం చెక్కుచెదరదు. కరెంటు కంటికి కనిపించదు కాబట్టి సుద్దముక్కతో దీన్ని తొలగించడం కష్టం. ఇక్కడ కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే మార్చి చూడగల నమూనా ప్రయోగాలు, ఉపయోగపడతాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఈ ప్రాజెక్టు సిమ్యులేషన్లు ఉచితం. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి.

45 నిమిషాల పీరియడ్‌లో మొదటి 10 నిమిషాలు ప్యానెల్ ఆపే ఉంచాలి. ఒక బ్యాటరీ, రెండు ఒకే రకం బల్బులతో శ్రేణి వలయాన్ని నల్లబల్ల మీద గీసి, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో, ఎందుకో రాయమనాలి. చేతులు ఎత్తించి, ఏ జవాబుకు ఎంతమందో ఆ బొమ్మ పక్కనే వేయాలి. తప్పు చెప్పిన పిల్లలను ఆ క్షణంలో సరిదిద్దకూడదు.

ఆ తరువాత ప్యానెల్ మీద డీసీ వలయాల సిమ్యులేషన్ తెరిచి, వలయాన్ని ఒక విద్యార్థి చేతే కట్టించాలి. ముందుగా ఒక జాగ్రత్త అవసరం. ఈ సిమ్యులేషన్ మొదట ఎలక్ట్రాన్ల కదలికను చూపుతుంది, పాఠ్యపుస్తకంలోని బాణం గుర్తు దానికి ఎదురు దిశలో ఉంటుంది. సంప్రదాయ విద్యుత్ దిశను చూపే ఎంపికను పక్కనే నొక్కితే ఈ గందరగోళం తప్పుతుంది. బ్యాటరీని 9 వోల్టుల వద్ద, బల్బుల నిరోధాన్ని 10 ఓంల వద్ద ఉంచితే, ఒకే బల్బు ఉన్నప్పుడు అమ్మీటరు 0.9 ఆంపియర్లు చూపుతుంది. శ్రేణిలో రెండో బల్బు చేర్చగానే 0.45కు పడిపోతుంది. అమ్మీటరును మొదటి బల్బుకు ముందు, రెండిటికీ మధ్య, రెండోదాని తరువాత పెట్టించి మూడు చోట్లా రీడింగు చదివించాలి. మూడు చోట్లా అదే 0.45 కనిపించినప్పుడు, మొదటి బల్బు కరెంటును వాడేసుకోలేదని పిల్లలే అంటారు. ఆ మాట ఉపాధ్యాయుడి నోట ముందుగా రాకూడదు. తరువాత బల్బులను సమాంతరంగా కలిపిస్తే ఒక్కొక్కదానిలో 0.9, బ్యాటరీ నుంచి 1.8 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఒక బల్బు తీసేసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక గది లైటు ఆపితే మిగతావి ఎందుకు ఆరిపోవో అడగడానికి ఇదే సమయం. ఇదంతా 15 నిమిషాల్లో ముగించి ప్యానెల్ ఆపేయాలి.

తరువాతి 15 నిమిషాలు నిజమైన టార్చి బల్బులు, బ్యాటరీ సెల్లులు, తీగలతో జట్లుగా పని చేయించాలి. ఇక్కడ తెర మీద రాని తేడాలు కనిపిస్తాయి. సమాంతరంగా రెండో బల్బు చేర్చినప్పుడు పాత సెల్లు ఉంటే మొదటి బల్బు కొంచెం మందగిస్తుంది, ఎందుకంటే నిజమైన సెల్లుకు అంతర్నిరోధం, అంటే దాని లోపలే కొంత నిరోధం ఉంటుంది. సిమ్యులేషన్‌లోని బ్యాటరీకి మనం పెట్టేంత వరకు అది సున్నా. ఈ తేడాను లోపంగా కాక ప్రశ్నగా పిల్లల ముందుంచాలి. చివరి 5 నిమిషాల్లో, మొదట రాసిన జవాబు కిందే కొత్త జవాబు రాయించాలి.

గణితంలోనూ ఇదే క్రమం పనిచేస్తుంది. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానమనే సిద్ధాంతాన్ని చెప్పేటప్పుడు, ఉచితంగా దొరికే జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో వృత్తం మీది బిందువును పిల్లల చేత జరిపించి, కోణం మారుతుందేమో ముందుగా ఊహించమనాలి. కోణం మారడం లేదని చూడటం నిరూపణ కాదని కూడా అదే పీరియడ్‌లో చెప్పి, నిరూపణను నల్లబల్ల మీదే చేయాలి.

కరెంటు, నెట్టు, వెలుతురు

పాఠం మధ్యలో సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకున్న సమయం తిరిగి రాదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా, ప్రభుత్వ విద్యా వేదిక అయిన దీక్షాలో దొరికే పాఠాలను ముందు రోజే యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. కోడ్ స్కాన్ కాకపోతే దాని కింద ముద్రించిన అక్షరాలు, అంకెలు టైపు చేసినా సరిపోతుంది. సిమ్యులేషన్లను, వీడియోలను తరగతి, పాఠం పేర్లతో ఫోల్డర్లు చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచాలి. కరెంటు పోతే ఏం చేయాలో లెసన్ ప్లాన్‌లో ఒక వాక్యం తప్పక ఉండాలి.

చివరి బెంచీలో ఒకసారి స్వయంగా కూర్చొని చూడటం మరచిపోవద్దు. కిటికీ వెలుతురు ప్యానెల్ మీద పడితే సగం తరగతికి ఏమీ కనిపించదు. ఒక ముదురు రంగు గుడ్డ తెర ఈ సమస్యను తీరుస్తుంది. ఇంగ్లీషు వీడియో అయితే శబ్దం ఆపేసి, పిల్లలకు తెలిసిన తెలుగులో మీరే వివరించండి. ఆపి, ప్రశ్న అడిగి, మళ్లీ నడపండి. 4 నిమిషాల వీడియోను 12 నిమిషాలు చూపడంలో తప్పేమీ లేదు.

ప్రాథమిక తరగతుల్లో చదవడం రాని పిల్లలకు గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ తెలుగులోనూ పనిచేస్తుంది. పిల్లలు పైకి చదువుతుంటే వింటూ, తడబడిన చోట సాయం చేస్తుంది. తరగతి గది గోలలో అది సరిగా వినలేదు కనుక, ట్యాబుతో ఒక్కొక్కరినీ వరండాలో కాసేపు కూర్చోబెట్టడం మేలు.

ఏ యాప్‌లోనైనా పిల్లల పేరు, ఫోటో, ఫోన్ నంబరు నమోదు చేసే ముందు ఆగి ఆలోచించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తూ, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కోరుతుంది. రోల్ నంబర్లతో పని జరిగే చోట పేర్లు ఇవ్వవద్దు.

పనిచేసిందో లేదో తెలుసుకోవడం

పిల్లలు ఆసక్తిగా చూశారన్నది కొలమానం కాదు. వారం తరువాత, ప్యానెల్ ఆపి, అదే బల్బుల ప్రశ్నను కొంచెం మార్చి, మూడు బల్బులతో అడగాలి. నల్లబల్ల మీద మొదట వేసిన లెక్కను నోటుపుస్తకంలో రాసి పెట్టుకొని ఉంటే, ఎంతమంది తమ జవాబు మార్చుకున్నారో నిమిషంలో తెలుస్తుంది. మారని వారిని విడిగా కూర్చోబెట్టి, వలయం గురించి వారేమనుకుంటున్నారో తీరిగ్గా వినాలి. ఎక్కువమంది మారకపోతే లోపం సాధారణంగా ప్రశ్నలోనో, తెర ముందు గడిపిన తొందరలోనో ఉంటుంది. ప్రశ్న మార్చి మరొక సెక్షన్‌లో ప్రయత్నించాలి. అప్పటికీ తేడా రాకపోతే ఆ పాఠం పక్కన పెట్టిన పెన్సిల్ గుర్తును చెరిపేసి, దాన్ని చేతి పనితోనే చెప్పాలి. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఒక పేజీగా రాసి ఉంచితే, బదిలీ మీద వచ్చే ఉపాధ్యాయుడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనవసరం ఉండదు.