పన్నెండేళ్లప్పుడు కొన్న క్యాసెట్‌ని మళ్లీ పాడించడం

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1973 ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ క్యాసెట్‌ని పన్నెండేళ్లప్పుడు, దాచుకున్న డబ్బుతో కొన్నాను. ఇప్పటికీ అదే వింటాను. మీ దగ్గరా అలాంటిది ఉంటే, తీసిందే తడవుగా ప్లేయర్‌లో పెట్టేయకండి.

ముందు టేపు వెనకున్న చిన్న ప్యాడ్ చూడండి. టేపుని హెడ్‌కి, అంటే ప్లేయర్‌లో టేపు మీది పాటని చదివే భాగానికి, ఆనించి ఉంచేది అదే. నా క్యాసెట్‌లో జిగురు ఎండిపోయి ఊడిపడింది. పాట దుప్పట్లోంచి వస్తున్నట్టు వినిపించింది. ప్లేయర్ పోయిందనుకుని దాన్నంతా విప్పి కూర్చున్నాను, అదో పిచ్చిపని! స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, పనికిరాని వేరే క్యాసెట్ ప్యాడ్ తీసి పెట్టేయొచ్చు. విప్పేటప్పుడు టేపు చుట్టలు మాత్రం కదపకండి.

తర్వాత క్యాసెట్ రంధ్రంలో పెన్సిల్ పెట్టి తిప్పి, వదులైన టేపుని బిగించండి. చివరిదాకా ఒకసారి ముందుకీ, ఒకసారి వెనక్కీ తిప్పండి. ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. మురికి గోధుమరంగులో వస్తుంది, కంగారు పడకండి.

ఇక ప్లే నొక్కండి. ఈ ఆల్బమ్ గుండె చప్పుడుతోనే మొదలవుతుంది, చాలా మెల్లగా. అది స్పష్టంగా వినిపిస్తే ప్యాడ్ సరిగ్గా కూర్చున్నట్టే.