అమెరికాలో మన ఇంటి సంగతి అర్థమయ్యే థెరపిస్టును ఎలా వెతుక్కోవాలి?

అమెరికాలో ఆరో ఏడు నడుస్తుండగా నాకు రాత్రిళ్లు నిద్ర దూరమైంది. ఇన్సూరెన్సు జాబితాలో మొదట కనిపించిన థెరపిస్టు దగ్గరికి వెళ్లాను. అమ్మ రోజూ ఫోన్ చేస్తుందని, నాన్న మందులకు నెలనెలా డబ్బు పంపుతానని చెప్పాను. ఆవిడ ఆ రెండిటినే జబ్బుగా పట్టుకున్నారు. ఫోన్లు తగ్గించమన్నారు, డబ్బు విషయంలో ఒక హద్దు పెట్టుకోమన్నారు. మా ఇళ్లలో ఇది మామూలేనని చెప్పడానికే మూడు సెషన్లు అయిపోయాయి. నాలుగోదానికి వెళ్లలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఆ ఏడాది మీకు పోకూడదని ఇది రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వెతకడం పక్కన పెట్టి 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. 2022 జూలై నుంచి ఈ నంబరు అమెరికా అంతటా, పగలూ రాత్రీ పనిచేస్తోంది. ఇంగ్లీషులో చెప్పలేకపోతే తెలుగు దుబాసీని అడగండి. ఇండియాలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

1. మీ బాధను మీ మాటల్లో రాసుకోండి

ఇంగ్లీషులోకి మార్చకండి. దిగులు, గాభరా, రంది, మనాది, ఏది నిజమైతే అది రాయండి. తెలంగాణలో మనాది పెట్టుకుందంటే ఊరికే బాధపడుతోందని కాదు, ఒక మనిషినో ఊరినో తలుచుకుని లోపల్లోపల కుంగిపోతోందని. దాన్ని ‘స్ట్రెస్’ అనేస్తే సగం పోతుంది. గుండె దడ, కడుపులో మంట, ఒళ్లు నొప్పులు కూడా రాయండి. మనలో చాలామందికి దిగులు ముందు ఒంట్లోనే తెలుస్తుంది. దాని చుట్టూ ఉన్నవీ రాయండి: వీసా, అత్తమామలు, పెళ్లి సంబంధాలు, ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు మహా అయితే మిగిలే 60 రోజుల గడువు.

2. ఎవరు ఏం చేస్తారో తెలుసుకోండి

మందులు రాసేది సైకియాట్రిస్టు. సైకాలజిస్టులు, లైసెన్సు ఉన్న సోషల్ వర్కర్లు, ఫ్యామిలీ థెరపిస్టులు ప్రధానంగా మాటలతో వైద్యం చేస్తారు. మామూలుగా మీరు ఉన్న రాష్ట్రంలో వాళ్లకు లైసెన్సు ఉండాలి. హైదరాబాద్ కౌన్సెలర్‌తో వీడియోలో మాట్లాడుకునేవాళ్లు నాకు తెలుసు. ఆ ఊరట నిజమే. కానీ ఇక్కడ అర్ధరాత్రి ఆపద వస్తే మీ దగ్గరికి ఎవరిని పంపాలో ఆ కౌన్సెలర్‌కు తెలియకపోవచ్చు.

3. వెతకండి

సైకాలజీ టుడే వెబ్‌సైట్‌లో రాష్ట్రం, ఇన్సూరెన్సు, భాష పెట్టి వెతకవచ్చు. దక్షిణాసియా థెరపిస్టుల జాబితాలు విడిగా ఉన్నాయి. న్యూజెర్సీలో సామ్‌హిన్ అనే సంస్థ దక్షిణాసియా వాళ్ల మానసిక ఆరోగ్యం కోసమే పనిచేస్తోంది. చదువుకునే పిల్లలు ముందు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లండి. ఉద్యోగులు కంపెనీలో ఈఏపీ (ఉద్యోగులకు కంపెనీ తరఫున కౌన్సెలింగ్ ఇప్పించే ఏర్పాటు) ఉందేమో చూడండి, చాలాచోట్ల కొన్ని సెషన్లు ఉచితం.

4. చేరేముందు ఫోన్‌లో ప్రశ్నలు అడగండి

చాలామంది థెరపిస్టులు మొదట పది పదిహేను నిమిషాలు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. మనం మొహమాటపడి ఆ కాస్త సమయం వాళ్లకే వదిలేస్తాం. అలా చేయకండి. ఇవి అడగండి:

“ఇండియా నుంచి వచ్చిన కుటుంబాలతో పనిచేశారా? వాళ్లు మీకు ఏం నేర్పారు?”

“మా అమ్మానాన్నల బాధ్యత నాదే. దాన్ని మీరు ఎలా చూస్తారు?”

“నేను దేవుణ్ణి నమ్ముతాను, దిష్టి కూడా తీయించుకుంటాను. అది మీకు వింతగా అనిపిస్తుందా?”

జవాబు ఎంత గొప్పగా ఉందన్నది చూడకండి. తిరిగి మిమ్మల్ని ఏమైనా అడిగారా అన్నది చూడండి. అమెరికా సైకియాట్రీ వాళ్లు 2013లో తెచ్చిన, మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5 పుస్తకంలో ఇందుకోసమే 16 ప్రశ్నలు పెట్టారు. ఈ బాధను మీరు ఏమంటారు, ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, మీవాళ్లు ఏమనుకుంటున్నారు, ఇలా సాగుతాయి. నా రెండో థెరపిస్టు తెల్లావిడ, ఒక్క తెలుగు ముక్క రాదు. కానీ మొదటి రోజే, “మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?” అని అడిగింది. నేను మనాది అన్నాను. ఆ మాట ఎలా పలకాలో నేర్చుకుంది.

అందుకే తెలుగువాళ్లే కావాలని పట్టుబట్టకండి. ఏడుపొస్తే తెలుగులోనే ఏడవగలగడం పెద్ద సుఖం, కాదనను. కానీ గుడిలోనో తెలుగు సంఘంలోనో ఎదురుపడతారన్న భయంతో సగం దాచుకునేవాళ్లూ ఉన్నారు. “బయట కనిపిస్తే ఏం చేస్తారు?” అని ముందే అడగండి. మీ బాధలో కులం ఉంటే అదీ మొదటి ఫోన్‌లోనే ఎత్తండి. మాట దాటేస్తే ఇంకొకరిని చూసుకోండి.

5. మొదటి మూడు నాలుగు సెషన్లు గమనించండి

పొరపాటుగా అర్థం చేసుకుంటే ఒకసారి సరిదిద్దండి. “అమ్మ ఫోన్ చేయడం నాకు బాధ కాదు. ఫోన్ పెట్టేశాక ఎందుకు ఏడుస్తున్నానో తెలుసుకోవాలి” అని నేను మొదటావిడతో చెప్పి ఉండాల్సింది. విని దారి మార్చుకునే థెరపిస్టును వదులుకోకండి.

దీనికి రెండో వైపూ ఉంది. భర్త కొడుతున్నాడని చెబితే, “మీ సంస్కృతిలో అంతేనేమో” అని ఊరుకునేవాళ్ల దగ్గర ఒక్క రోజు కూడా ఉండొద్దు. మన పద్ధతులను గౌరవించడమంటే మన దెబ్బలను గౌరవించడం కాదు.

6. డబ్బు, రహస్యం

ఇన్సూరెన్సు తీసుకోని థెరపిస్టు నచ్చితే ‘సూపర్‌బిల్’ అడగండి, అంటే మీరు ఇన్సూరెన్సు కంపెనీకి పంపుకునే వివరమైన రసీదు. మీ ప్లాన్‌ను బట్టి కొంత తిరిగి రావచ్చు. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించేవాళ్లూ ఉన్నారు, అడగడం తప్పు కాదు. మీరు చెప్పినవి మేనేజరుకో మీ ఇంట్లోవాళ్లకో చెప్పకూడదని చట్టం ఉంది. ప్రాణాపాయం, పిల్లలపై హింస, కోర్టు ఆదేశం లాంటివి మినహాయింపులు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. అక్కడ చూసేది తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. దిగులుకు కౌన్సెలింగ్ తీసుకున్నంత మాత్రాన మామూలుగా కార్డు ఆగదు. ఇంకా టెన్షన్‌గా ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరును ఒకసారి అడగండి, కానీ ఆ భయంతో వైద్యం ఆపకండి.

7. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే

మనవడినో మనవరాలినో మధ్యలో కూర్చోబెట్టి అనువాదం చేయించకండి. అమ్మమ్మ చనిపోవాలనుందని చెబితే ఆ మాట పిల్లవాడి నోటితో డాక్టరుకు చెప్పించడం ఇద్దరికీ అన్యాయం. ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే “తెలుగు” అని రాయించండి, ముందు రోజు ఫోన్ చేసి మళ్లీ గుర్తు చేయండి.