గంగరావి చెక్కతో మొగ్గ మూత కుంకుమ భరిణె చేయడం ఎలా?

భరిణె మూత సరిగ్గా పడాలంటే చేతి పనితనం కన్నా ముందు చెక్క ఆరాలి. గోదావరి డెల్టాలో ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలి. ఒకపక్క సముద్రం, ఊరూరా కాలువలు, ఏడాదిలో సగం రోజులు గాలిలో తేమ. రోహిణి కార్తెలో చక్కగా తిరిగిన మూత శ్రావణ శుక్రవారం నాటికి పట్టేసిందంటే చెక్క పచ్చిగా ఉండగా తొందరపడ్డారన్నమాట.

ఇక్కడ చెప్పే కొలతలు 60 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు ఉండే భరిణెకు. దాని మీద 25 మి.మీ. మూత, ఆపైన పట్టుకోవడానికి 45 మి.మీ. మొగ్గ. చెక్కను గిర్రున తిప్పే యంత్రం లేత్‌కు, ముక్కను బిగించి పట్టుకునే నాలుగు దవడల చక్ ఉండాలి. పనిలోకి దిగేముందు కండువా తీసేయండి, లుంగీ మార్చి ప్యాంటు వేసుకోండి. ముఖానికి షీల్డు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

చెక్క ఎంపిక

కాలువ గట్ల మీద, సముద్రతీరం ఊళ్లలో పెరిగే గంగరావి ఈ పనికి చాలా మంచిది. చేవ ఎర్రటి గోధుమ రంగులో, ముదురు చారలతో ఉంటుంది. పోగు (చెక్కలోని నార) సన్నం, కోత నున్నగా వస్తుంది. అది దొరక్కపోతే పనస చేవ. బొబ్బిలి వీణలు చేసేది పనసతోనే. కోసినప్పుడు పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఏ చెక్కయినా చేవ భాగమే తీసుకోండి, చుట్టూ ఉండే తెల్ల భాగానికి పుచ్చు పురుగు పడుతుంది. కోనసీమలో కొబ్బరి మొద్దులకు కొదవ లేకపోయినా మొదటి భరిణెకు కొబ్బరి వద్దు. గట్టి పీచు, మెత్తటి గుజ్జు కలిసి ఉండడంతో సన్నటి అంచులు పెళ్లలుగా లేస్తాయి, ఉలి పదును కూడా త్వరగా పోతుంది.

కోత మిల్లులో 70 మి.మీ. చదరం, 110 మి.మీ. పొడవు ముక్క కోయించండి. చెట్టు నడిబొడ్డు అందులో పడకూడదు. పడితే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

ముతక కోత, ఆరబెట్టడం

ముక్కను లేత్ రెండు చివరలా ఉండే మొనల (సెంటర్ల) మధ్య బిగించి, నిమిషానికి 800 చుట్ల వేగంతో 66 మి.మీ. గుండ్రని దిమ్మగా తీయండి. చక్ పట్టుకోవడానికి రెండు చివరలా 48 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. పొడవున పట్టు వదలండి. పట్టు పక్కనున్న మెట్టు దవడల ముఖం మీద ఆనాలి, పట్టు కొన చక్ అడుగుకు తగలకూడదు. తగిలితే ముక్క ఊగుతుంది.

ఇప్పుడు దిమ్మ పొడవునా పెన్సిల్ గీత గీసి, మూతకు 35 మి.మీ. వచ్చేలా సన్న పార్టింగ్ ఉలితో వేరు చేయండి. ఆ గీతను రెండు ముక్కల పట్టు మీదికీ ఎక్కించండి. చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వార్షిక వలయాల వెంట కుంచించేది, వాటికి అడ్డంగా కుంచించే దానికి దాదాపు రెట్టింపు. అంటే గుండ్రంగా తీసినది కాస్త కోలగా మారుతుంది. మూత, భరిణె ఒకే వైపుకు కోలగా మారితే మూత పడుతుంది, పావు చుట్టు తిప్పి పెడితే బిగుసుకుంటుంది. ఆ గీత ఉంటే పోగు ఎప్పుడూ కలుస్తుంది.

రెండు ముక్కల్నీ 25 మి.మీ. బిట్‌తో తొలిచి, గోడ 14 నుంచి 16 మి.మీ. ఉండేలా ముతకగా తీయండి. చెక్క పొట్టుతో పాటు కాగితం సంచిలో పెట్టి, మూతి వదులుగా కట్టి అటక మీద ఉంచండి. వానాకాలంలో పొట్టు మార్చకపోతే బూజు పడుతుంది. వారానికోసారి వంటింటి కాటాలో తూచి, బరువు ముక్క మీదే రాసుకోండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు. నెలల లెక్క నమ్మకండి, కాటాను నమ్మండి.

మూత లోపలి వైపు

మూత ముక్కను బిగించి, కోలగా మారిన పట్టును ముందు సరిచేసుకోండి. మూత నోరు 48 మి.మీ. వెడల్పు, అందులో పై 8 మి.మీ. లోతు వరకు గోడలు నిట్టనిలువుగా ఉండాలి. ఆ కింద మరో 8 మి.మీ. గుమ్మటంలా లోతు. వెర్నియర్‌తో అంచు దగ్గర ఒకసారి, లోపల ఒకసారి కొలవండి. అంచు వెడల్పయితే మూత ఊగుతుంది, లోపల వెడల్పయితే అంచు ఒక్కటే పట్టుకుంటుంది. గుమ్మటాన్ని సాండ్ పేపర్‌తో నున్నగా చేయండి గానీ, నిలువు గోడను రుద్దకండి. కాగితం మెత్తని పోగును ఎక్కువగా, గట్టి పోగును తక్కువగా తీసి గుండ్రాన్ని చెడగొడుతుంది.

గొంతు

మూతలోకి దిగే భరిణె పైభాగమే గొంతు. దీని పొడవు 7 మి.మీ. కొలతతో ఒక్కసారే దింపబోకండి. ముందు కొనలో 2 మి.మీ. మేర కొద్దిగా ఏటవాలుగా తీసి, లేత్ ఆపి, మూత నోరు దానికి ఆనించి చేత్తో అర చుట్టు తిప్పండి. తీసి చూస్తే గొంతు చుట్టూ వెంట్రుకంత సన్నటి మెరిసే గీత కనిపిస్తుంది. మూత నోటి అసలు కొలత అదే. గీతకు అవతల మిగిలిన చెక్కను ఆ గీత మట్టానికి స్క్యూ ఉలితో (అంచు ఏటవాలుగా ఉండే ఉలి) తీస్తూ, ప్రతి కోతకూ మూత పెట్టి చూడండి. ప్రస్తుతానికి మూత గట్టిగా, నొక్కితేగానీ దిగనంత బిగువుగా ఉండాలి.

పోగు గీతలు కలిపి మూత నొక్కి, టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా జరిగే లేత్ ఆధారం) ఆనించి 1500 చుట్ల వేగంలో బయటి రూపం రెండింటికీ కలిపే తీయండి. అతుకు దగ్గర సన్నటి గాడి పెట్టండి. రేపు చెక్క కాస్త కదిలినా ఆ గాడి కప్పిపుచ్చుతుంది. తర్వాత అతుకు చుట్టూ టేపు వేసి, టెయిల్‌స్టాక్ వెనక్కి జరిపి, మూత మీది పట్టును తేలిక కోతలతో తీసేయండి. మధ్యలో 6 మి.మీ. బిట్‌తో 6 మి.మీ. లోతు బెజ్జం వేయండి. అక్కడ చెక్క మందం 9 మి.మీ. మాత్రమే కాబట్టి బిట్‌కు టేపుతో గుర్తు పెట్టుకోండి.

లోపలి భాగం, అడుగు

మూత తీసి భరిణె లోపల 42 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. లోతు వచ్చేదాకా తొలవండి. పోగు నిలువునా ఉంది కాబట్టి ఉలి మధ్య నుంచి అంచుకు రావాలి. అంచు నుంచి మధ్యకు లాగితే పోగు చిరిగి లోపల గరుకు మచ్చలు మిగులుతాయి.

అడుగు కోసం పాత చెక్క ముక్కను భరిణె నోటికి బిగువుగా పట్టేలా తీసి, దానికి భరిణెను బోర్లించి, టెయిల్‌స్టాక్ ఆనించి పట్టును తీసేయండి. అడుగు మధ్యలో 1 మి.మీ. లోతుగా ఉండాలి, లేకపోతే బల్ల మీద ఆడుతుంది.

మొగ్గ

మొగ్గకు చేవ గట్టిగా ఉండే చెక్క కావాలి: జిట్రేగి, నల్ల తుమ్మ, ముదురు చింత. 20 మి.మీ. చదరం, 90 మి.మీ. పొడవు ముక్కను చక్‌లో బిగించి 2000 చుట్లు పెట్టండి. పని కొన నుంచి మొదలుపెట్టి చక్ వైపు రావాలి. ముందు కొన పూర్తిగా తీసి, సాండ్ పేపర్ కూడా పట్టేశాకే నడుముకు దిగండి. వెనక చెక్క లావుగా ఉన్నంత వరకే కొనకు బలం. నడుము సన్నం చేశాక మళ్లీ కొన ముట్టుకుంటే విరుగుతుంది. కోతలో మెలికల గీతలు పడుతుంటే ముక్క వణుకుతోందని అర్థం. ఉలి పదును పెట్టి, ఎడమ చేతి వేలు వెనక నుంచి తేలిగ్గా ఆనించండి. చివర్లో 6 మి.మీ. లావు, 5 మి.మీ. పొడవు కాడ తీయండి. కాడ పక్క మెట్టును కాస్త లోపలికి తొలిస్తే మూత మీద సందు లేకుండా కూర్చుంటుంది.

నడుము ఎంత సన్నంగా ఉండాలన్నది మూత బిగువును బట్టి తేల్చుకోవాలి. రోజూ తీసి పెట్టే కుంకుమ భరిణెకు మొగ్గే పిడి. నడుము 5 మి.మీ. కన్నా తగ్గించకండి. 3 మి.మీ. నడుము అందంగానే ఉంటుంది, కానీ బిగువు మూతకు అది పెడితే మొదటి నెలలోనే చేతికి ఊడి వస్తుంది. కాడకు చుక్క ఫెవికాల్ రాసి బెజ్జంలో దించి, ఒక రాత్రి వదిలేయండి.

మెరుగు

ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర మీద రంగు లక్క పట్టించి మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గంగరావికి రంగు అక్కర్లేదు. అర లీటరు పాలిష్ స్పిరిట్‌లో 80 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, బయటివైపు మూడు నాలుగు పలుచటి పూతలు వేయండి. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి. స్పిరిట్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ పట్టి పూత తెల్లగా మసకబారుతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం మేలు. లోపల ఏమీ పూయకండి, నూనె అసలే వద్దు, కుంకుమ ఉండ కడుతుంది.

ఆఖరున మూత బిగువు వదులు చేయాలి. 320 నంబరు కాగితాన్ని గొంతు చుట్టూ ఒక్క చుట్టు పట్టి చూసి, మూత దాని బరువుకు అదే నెమ్మదిగా దిగేదాకా కొద్దికొద్దిగా తీయండి. వానాకాలంలో మళ్లీ పట్టేస్తే ముందు పోగు గీతలు కలిశాయో లేదో చూడండి. కలిసినా బిగుస్తుంటే గొంతు మీద మెరిసే చోటు ఒక్కటే రుద్దండి. మూత లోపల ముట్టుకోవద్దు.