సొరుగు తాళం మార్చడం

చెక్క బల్ల సొరుగుకు కొత్త తాళం కొనే ముందు పాతదాన్ని విప్పి, దానినే దుకాణానికి తీసుకువెళ్లడం మేలు. ఎందుకంటే రంధ్రం వ్యాసం, తాళం గొట్టం (తాళంచెవి దూర్చే భాగం) పొడవు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం అనే మూడు కొలతలూ సరిపోతేనే చెక్కను మళ్లీ తొలిచే పని తప్పుతుంది. ముందు పలక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే, గొట్టం పొడవు కనీసం ఆ మందానికి సరిపోవాలి.

పాత స్క్రూ రంధ్రాలు వదులైపోయి ఉంటే, మందు గీకేసిన అగ్గిపుల్లలను ఫెవికాల్‌లో ముంచి వాటిలో దిగ్గొట్టి, పూర్తిగా ఆరిన తరువాత పైకి వచ్చిన భాగాన్ని కోసివేయాలి. లావు స్క్రూలు వేస్తే పలక చీలే ప్రమాదం ఉంది.

సొరుగుకు తాళం నాలుక (తాళంచెవి తిప్పితే బయటికి వచ్చే ముక్క) పైకి లేచేలా, తలుపుకు పక్కకు వచ్చేలా బిగించాలి. స్క్రూలను మొదట సగం వరకే బిగించి, సొరుగు తెరిచి ఉండగానే తాళంచెవిని నాలుగైదుసార్లు తిప్పి చూడాలి. తొందరపడి మూసి తాళం వేస్తే, నాలుక ఇరుక్కున్నప్పుడు బల్ల పైపలకను ఊడదీయాల్సి రావచ్చు.

పై చట్రంలోని గాడి కొత్త నాలుకకు అందకపోతే, నాలుక కొనకు తడి కుంకుమ రాసి, సొరుగు మూసి, తాళంచెవిని మెల్లగా తిప్పితే ఎర్రని గుర్తు పడుతుంది. సరిగ్గా అక్కడే సన్న ఉలితో గాడి తీయాలి. తాళం బిగుతుగా తిరిగితే నూనెకు బదులు పెన్సిల్ ములికి పొడి వేయాలి. నూనెకు దుమ్ము అంటుకుంటుంది.