కాళేశ్వరం సంగమానికి పోతున్నారా? ‘మోకాలి లోతే’ అనే మాట నమ్మొద్దు

2025 జూన్‌లో, కాళేశ్వరానికి దిగువనున్న మేడిగడ్డ దగ్గర గోదావరిలో దిగిన ఆరుగురు కుర్రాళ్లు మునిగిపోయారు. అప్పటికి నదికి వరద కూడా రాలేదు. అయినా సెలవు దొరికితే చాలు, హన్మకొండ, కరీంనగర్ బండ్లన్నీ అటే. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి, ఈ తాకిడి ఇంకా పెరుగుతుంది. గొడుగు, మందులు, నీళ్ల సీసాల గురించి ఇంట్లో పెద్దవాళ్లే చెప్తారు కాబట్టి అవి వదిలేస్తున్నాను.

హద్దు ఎక్కడుంది

మూడు రాష్ట్రాలు కలిసే చోటని వీడియోల్లో చూసి చాలామంది కాళేశ్వరం వస్తారు. అక్కడ కలిసేవి ప్రాణహిత, గోదావరి. సరస్వతి అంతర్వాహిని అంటారు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, సిరొంచ వైపు. ఛత్తీస్‌గఢ్ కూడా వచ్చి తగిలేది ఇంకా దిగువన, ఇంద్రావతి గోదావరిలో కలిసే దగ్గర. రెండు చోట్లా హద్దు నది మధ్యలోనే. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి రీల్ తీయాలని లోపలికి నడిచేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

నీళ్ల సంగతి

మనుషుల్ని ముంచేది ‘మోకాలి లోతే కదా’ అన్న ఒక్క మాట. ముందు పోయినవాడికి నీళ్లు మోకాలి దాకానే ఉంటాయి, వెనక ఐదుగురు దిగుతారు. కానీ ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనబడవు. రంగు మారిన నీళ్లలో మన పాదమే మనకు కనబడదు. ముందు అరికాలి కింద ఇసుక కదులుతుంది, మడమ దిగబడుతుంది. నిలదొక్కుకుందామని ఇంకో అడుగు ముందుకు వేస్తాం. ఆ అడుగు గుంత అంచు మీద పడితే కాలికి ఇక నేల అందదు. చెరువులో ఈత నేర్చినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే చెరువు నీళ్లు లాక్కుపోవు.

వరంగల్‌లో వాన లేదు కదా అనే లెక్క కూడా పనికిరాదు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. విదర్భలో, మధ్యప్రదేశ్‌లో కురిసిన వాన మన దగ్గర ఎండ కాస్తుండగానే కాళేశ్వరం చేరుతుంది. 2022 జూలై వరదలో, గోదావరి నీళ్లు ఎత్తిపోసే కన్నెపల్లి పంప్‌హౌసే మునిగింది. పొద్దున మోకాలి లోతున్న చోట మధ్యాహ్నానికీ అంతే ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి:

స్నానం ఘాట్ మెట్ల మీదే. తాడు కట్టి ఉంటే దాటొద్దు.

ఇసుక తిన్నె మీదికి నడిచి పోవద్దు. నీళ్లు పెరిగితే వచ్చిన దారి ముందు మునుగుతుంది.

2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన మేడిగడ్డ బ్యారేజీని చూడబోయి దాని దిగువన దిగొద్దు.

ఒకరు మునుగుతుంటే ఇంకొకరు దూకొద్దు. చీర, తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరండి. అరిచి జాలర్లను పిలవండి.

112కి ఫోన్ చేస్తే ఏ ఒడ్డున ఉన్నారో మొదటి మాటగా చెప్పండి.

లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. పడవలో లేచి నిలబడొద్దు.

కారులో మందు పెట్టుకుని సిరొంచ వైపు వంతెన దాటొద్దు. అవతల గడ్చిరోలి జిల్లా, 1993 నుంచి మద్య నిషేధం. ఇవతల తాగి నీళ్లలో దిగడం అంతకన్నా పెద్ద తప్పు.

చీకటి పడ్డాక భూపాలపల్లి, కాటారం రోడ్డు మీద బైకులు వద్దు. టిప్పర్లు, లారీలు.

రోడ్డు మీద వాగు పారుతుంటే ఆగండి. 2023 జూలైలో భూపాలపల్లి దగ్గర మోరంచవాగు ఏకంగా మోరంచపల్లి ఊరినే ముంచింది. అక్కడా ఎవడో ఒకడు మోకాలి లోతే అంటాడు, వినొద్దు.

ఇంద్రావతి సంగమం కోసమని ఫోన్ చూపిన అడవి బాట పట్టొద్దు. ములుగు సరిహద్దులో కర్రెగుట్టల మీద మందుపాతరలు పెట్టామని 2025లో మావోయిస్టులే ప్రకటించారు. పోయేముందు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అడగండి, వద్దంటే వెనక్కి రండి.

పిల్లల్ని ఫోన్ చూసుకుంటున్న మనిషికి అప్పగించొద్దు.

పొద్దుగూకాక నీళ్లలో ఎవరూ ఉండొద్దు. మోకాలి లోతులో కూడా.