ఆవోధ్ డేటాబేస్ పాస్‌వర్డ్‌లో @ పెట్టకండి

క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్‌లో అలారమ్‌లు చూసే సర్వీస్ ఆవోధ్‌కి మరియాడీబీ డేటాబేస్ తగిలిస్తున్నారా? అయితే డేటాబేస్ యూజర్ పాస్‌వర్డ్‌లో @ గుర్తు వద్దు. కాన్ఫిగ్ ఫైల్‌లో కనెక్షన్ అంతా ఒకే లైన్: యూజర్, పాస్‌వర్డ్, @, హోస్ట్ పేరు. పాస్‌వర్డ్‌లోనే ఇంకో @ ఉంటే, దాని తర్వాతదంతా హోస్ట్ (డేటాబేస్ ఉన్న మెషీన్) పేరే అని ఆవోధ్ అనుకుంటుంది. ‘హోస్ట్ దొరకలేదు’ అన్న ఎర్రర్ చూసి నేను సగం రోజు నెట్‌వర్క్‌ని తిట్టుకున్నాను. ఉత్త అక్షరాలు, అంకెలతో పొడుగ్గా పెట్టుకుంటే ఏ టెన్షనూ లేదు.

ఆ యూజర్‌కి గ్రాంట్ (డేటాబేస్ వాడే అనుమతి) ఇచ్చేటప్పుడు లోకల్‌హోస్ట్‌కి, అంటే డేటాబేస్ ఉన్న మెషీన్‌కి, ఒక్కదానికే ఇచ్చి వదిలేయకండి. అలారమ్ షరతులు పరిశీలించే ఎవాల్యుయేటర్ వేరే మెషీన్‌లో నడుస్తుంటే దానికి లోపలికి దారి ఉండదు. % హోస్ట్‌కి (అంటే ఏ మెషీన్ నుంచైనా) కూడా ఇవ్వండి, లేదా ఆ మెషీన్ల ఐపీలకి విడిగా ఇవ్వండి (నాకైతే ఇదే నచ్చుతుంది). తర్వాత ఆవోధ్-డీబీసింక్ కమాండ్ నడిపితే టేబుల్స్ వచ్చేస్తాయి. ఆపైన సర్వీసులు రీస్టార్ట్ చేయండి.

ఇంకోటి. అలారమ్ హిస్టరీని ఎన్నాళ్లు ఉంచాలనే సెట్టింగ్ మామూలుగా -1 ఉంటుంది, అంటే ఎప్పటికీ చెరపదు. 30 రోజులు చాలనుకుంటే 2592000 సెకన్లు రాసి, పాత హిస్టరీని చెరిపే ఆవోధ్-ఎక్స్‌పైరర్‌ని క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపే టూల్) రోజుకోసారి నడిచేలా పెట్టండి. సెట్టింగ్ ఒక్కటే మారిస్తే పాతవి వాటంతటవి పోవు.