పెండ్లి మేళం వద్దనాల్సి వస్తే ఎట్లా వద్దనాలి? (కొత్తగా సెట్టు నడిపే తమ్ముళ్ళకి)

మన తిరుపతి చిత్తూరు సైడు నాదస్వరం సెట్టు నడిపే వాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు, డబ్బులు బాగానే ఇస్తామంటారు, డేటూ ఖాళీగానే ఉంటాది, అయినా మనసు ఒప్పదు. ఎస్వీ సంగీత కళాశాలలో రాగం ఎట్లా పెంచాలో తాళం ఎట్లా పట్టాలో నేర్పిస్తారు గానీ పార్టీకి, అంటే మేళం బుక్ చేసే పెండ్లి వాళ్ళకి, వద్దని ఎట్లా చెప్పాలో ఎవరూ నేర్పరు కదా, అందుకే రాస్తా ఉండా.

ముందు సెట్టుతో మాట్లాడుకోండి. పార్టీతో మాట్లాడేది ఆ తర్వాత. సెట్టంటే రెండు నాదస్వరాలు, రెండు డోళ్ళు, శృతి, తాళం, అంటే ఆరు ఇండ్లు. వద్దు అనే మాట మీ నోట్లో నుంచి వస్తాది, పేరు కూడా మీకే వస్తాది, ఆ రోజు కూలి పోయేది మాత్రం తాళం వేసే పిల్లోడికి. సాళువ నరసింగరాయలు తన మీద పదం చెప్పమంటే అన్నమయ్య చెప్పనన్నాడని, దానికి సంకెళ్ళు వేయించినారని మనోళ్ళు అందరూ చెప్పుకుంటారు, గొప్ప కథే, కానీ ఆయన పడింది ఆయన ఒక్కడే పడినాడు, మీ నిర్ణయానికి ఇంకో ఐదు మంది పడతారు. అందుకని ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు చూడండి, అప్పుడే అందరూ కూర్చోని ఏవి వాయించము అనేది తేల్చుకోండి, సీజన్లో ఫోన్ వచ్చినాక తేల్చుకుందాంలే అంటే డబ్బే గెలుస్తాది. నష్టం ఎట్లా పంచుకోవాలో కూడా అప్పుడే అనుకోవాల. మా పద్ధతి ఏందంటే ప్రతి ప్రోగ్రాంలో కొంచెం తీసి పక్కన పెడతాం, ఏదైనా పెండ్లి వద్దంటే దాంట్లో నుంచి శృతికి తాళానికి పూర్తి కూలి ఇస్తాం, డోలు వాళ్ళకి సగం, నాదస్వరం వాయించే పెద్దోళ్ళం ఏమీ తీసుకోము. మీది వేరే రకంగా పెట్టుకోండి, కానీ ఏదో ఒకటి ఉండాల.

వాయించము అనే లిస్టు చిన్నదిగా ఉంచండి. పాటలు రికార్డింగ్‌లో పెట్టి మమ్మల్ని ఊరికే వాద్యం నోట్లో పెట్టుకోని నిలబడమంటే పోము. రాజకీయ పార్టీల మీటింగులకి వాయించేది ఎవరిష్టం వాళ్ళది, నేను దాని గురించి ఏమీ చెప్పను. గట్టిగా చెప్పేది రెండు విషయాలే.

ఒకటి, పాపకి 18 నిండకపోతే, అబ్బాయికి 21 నిండకపోతే ఎంత ఇచ్చినా వద్దు. బుకింగ్ అప్పుడే వయసు అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, తిరుమల కొండ మీద కల్యాణ వేదికలో పెండ్లి చేసుకోవాలన్నా వయసు కాయితం చూస్తారు, మనం అడిగితే తప్పేముంది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టంలో అట్లాంటి పెండ్లి జరిపించినోళ్ళకి, దానికి సాయం చేసినోళ్ళకి రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది, మేము వాయించే వాళ్ళమే కదా సార్ అంటే వింటారని నమ్మకం పెట్టుకోవద్దు. కానీ నేను చెప్పేది జైలుకి భయపడి కాదు, తొమ్మిదో పదో చదివే బిడ్డ తల వంచుకోని కూర్చోనుంటే గట్టిమేళం వాయించడానికి ఊపిరి యాడ నుంచి వస్తాది? ఇక్కడ వద్దని ఊరుకుంటే సరిపోదు, ఇంకో సెట్టు వచ్చి వాయిస్తాది, పెండ్లి జరిగిపోతాది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, మీ పేరు చెప్పక్కర్లేదు, ఊరు, మండపం, తేదీ చెప్తే చాలు, లేదంటే ఆ ఊరి అంగన్‌వాడీ అక్కకి చెప్పినా అంగన్‌వాడీలని చూసుకునే ఐసీడీఎస్ ఆఫీసుకి పోతాది. ముందే తెలిస్తే కోర్టు పెండ్లి ఆపమని ఆర్డర్ ఇవ్వచ్చు, ఆ ఆర్డర్ దాటి చేసినా ఆ పెండ్లి చెల్లదు.

రెండోది భోజనం. కొన్ని ఊర్లలో ఇప్పటికీ వాయించే వాళ్ళకి పంక్తిలో చోటుండదు, వెనకాల వంటల దగ్గర కూర్చోమంటారు. ఇంకో మాట కూడా చెప్పాల, మన సెట్టుకి డైనింగ్ హాల్లో ఆకేసి, ఊరేగింపులో మన ముందే పలకలు కొట్టిన వాళ్ళకి బయట పొట్లాలు ఇస్తే అది మనకి సంబంధం లేని విషయం కాదు. ఎండలో వాళ్ళూ మనమూ ఒకే దోవలో నడిచినాం, అన్నం దగ్గరికి వచ్చేసరికి వేరయితే ఎట్లా? అందుకే రేటు మాట్లాడేటప్పుడే అడిగేయండి, “అన్నా, వాయించే వాళ్ళందరికీ, పలకల వాళ్ళతో సహా, భోజనం అందరితో పాటే కదా?” అని. ఎక్కువ మంది అవునన్నా అంటారు, నిజంగానే ఆ ఆలోచన వాళ్ళకి వచ్చి ఉండదు. నీళ్ళు నమిలితే అక్కడే ఆపేయండి.

చెప్పేటప్పుడు వాట్సాప్ మెసేజ్ పెట్టి తప్పించుకోవద్దు, ఫోన్ చేయండి, బుక్ చేసినాయనకే చెప్పండి. జ్వరం అనో డేటు లేదనో అబద్ధం చెప్తే ఆయన తేదీ మారుస్తాడు, లేదా మీ తమ్ముడినైనా పంపమంటాడు, ఇంకో అబద్ధం ఆడాల్సి వస్తాది, పైగా కారణం ఆయనకి తెలియకుండానే పోతాది. పెద్ద ఉపన్యాసం వద్దు, “అన్నా, పాపకి ఇంకా పద్దెనిమిది నిండలేదని తెలిసింది, మేము ఈ పెండ్లికి వాయించము, అడ్వాన్స్ ఇప్పుడే వేసేస్తా” అంతే. ఎక్కువ ఇస్తామంటే అదే మాట మళ్ళీ చెప్పండి, గొంతు పెంచొద్దు. అడ్వాన్స్ మొత్తం తిప్పి ఇచ్చేయండి, బస్సు ఖర్చులని ఒక్క రూపాయి పట్టుకోవద్దు, ఫోన్‌పేలో వేస్తే రుజువు కూడా ఉంటాది.

అడ్వాన్స్ తీసుకున్నాక వద్దంటే కేసు పెడతామని కొందరు బెదిరిస్తారు. మిమ్మల్ని బలవంతంగా వాయించమని ఏ కోర్టూ చెప్పదు, మనిషి సొంత విద్య మీద ఆధారపడిన ఒప్పందాన్ని అట్లా అమలు చేయించరు, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోనే ఉంది. నష్టపరిహారం అడగచ్చు, అది వేరే. చిన్నపిల్ల పెండ్లికయితే ఆ ఒప్పందమే చట్టానికి వ్యతిరేకం కాబట్టి ఏ నిమిషంలోనైనా లేచి వచ్చేయచ్చు. భోజనం విషయం మాత్రం అట్లా కాదు, మండపంలో ఉన్నాక తెలిస్తే తాళి కట్టేదాకా వాయించండి, ఆ పెండ్లికూతురు మీకేం అన్యాయం చేసింది? వాయించినాక తినకుండా వచ్చేయండి, ఎందుకు తినలేదో పెద్దాయనకి చెప్పి రండి.

మండపం మేనేజర్లు, ఈవెంట్ వాళ్ళు వీళ్ళ ద్వారానే మనకి సగం బుకింగులు వస్తాయి కాబట్టి మీ నియమాలు ముందే వాళ్ళకి చెప్పి ఉంచండి, మధ్యలో తెలిస్తే వాళ్ళ పరువు పోయిందని కోపం వస్తాది, ఒకటి రెండు సీజన్లు పిలవకపోనూ వచ్చు, దానికి సిద్ధంగా ఉండాల. ఖాళీ అయిన డేటుకి ఇంకెవరైనా అడిగితే మామూలు రేటుకే ఒప్పుకోండి, పోయింది వీళ్ళ దగ్గర రాబట్టాలని చూడొద్దు. సెట్టులో వాళ్ళకి ఇచ్చే కూలి ఆ తేదీ వచ్చేదాకా ఆపకండి, వద్దన్న రోజు సాయంత్రంలోపే వాళ్ళ చేతిలో పెట్టేయండి.